తప్పు కలిపిన డబ్బాలు

ఎవరో పడకగదికి అడిగిన రంగును
మిషను పొరబాటున ఇంకోలా కలిపింది.
వాళ్ళు మొహం చిట్లించి వెళ్ళిపోయారు.
హార్డ్‌వేర్ కొట్టు ఆఖరి వరసలో, నేలమీద,
నాలుగు లీటర్లు ఏడు డాలర్లు.
మూతమీద బొట్టుబిళ్ళంత చుక్క,
లోపలేముందో చెప్పే జాతకం అదొక్కటే.
నేను నీలం కోసం వెళ్ళాను.
జామపండు లోపలి రంగు దొరికింది.
నాకు కావలసింది అదేనని
ఇంటికొచ్చేలోపు నన్ను నేను ఒప్పించుకున్నాను.

పేరుకే సన్‌షైన్.
జూలైలో ఇక్కడి సూర్యుడు
ఆలస్యంగా వచ్చి ఐదింటికే సంచీ సర్దుకునే గుమాస్తా.
పాత సామాన్ల వారం వస్తే మాత్రం
మెల్‌బోర్న్ పడమటి వీధులన్నీ
కడుపులోది గడ్డిమీద పెట్టుకుని కూచుంటాయి.
నర్సింగ్ హోం లాండ్రీలో రాత్రి డ్యూటీ దిగి
మా వాడు ఎప్పుడో ఎదిగిపోయిన ప్రామ్ తోసుకుంటూ
నేను బయల్దేరతాను.
బస్టాపులో ఒకావిడ వంగి చూసి, "ఎన్నో నెల?" అంది.
లోపల రోలరు, ఫ్రిజ్ అట్టపెట్టె,
సగం పిండిన సీలెంటు ట్యూబు.
"ఇంకా పేరు పెట్టలేదండీ" అన్నాను.

మూల ఇంటి జమ్మిత్ మాల్టావాడు,
నలభై ఏళ్ళు పరాయి ఇళ్ళకు సున్నాలేసి, రంగులేసి
మోకాళ్ళరిగినవాడు.
నేను ఏరుకొచ్చిన బ్రష్షు రాయిలా ఉంటే
వెనిగరు మరిగించి అందులో దించాడు.
"బ్రష్షు చావదు పిల్లా, అలుగుతుంది.
బతిమాలాలి."
గంటన్నర బతిమాలాం.

ఆ వారమే, పరుపు కింద, కవర్లో ఒక ఎక్స్‌రే.
ఎవరిదో ఛాతీ. పేరున్న మూల చింపేశారు.
స్టెన్సిల్‌కి అంత మంచి రేకు కొనబోతే దొరకదు,
తడిసినా వంగదు, కత్తికి వెన్నలా లొంగుతుంది.
కిటికీకి ఆనించి చూశాను.
ఎడమవైపు నాలుగో ఎముకమీద
విరిగి అతుక్కున్న గీత.
ఎలా పడ్డావో, ఎవరు ఎత్తారో.
ఆ గీతను వదిలేసి, దాని చుట్టూ
గులాబీ రొమ్ము చిలకను కోశాను,
ఇక్కడ కరెంటు తీగలమీద గుంపుగా అరిచే రకం.

జిగురు సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు.
మా చిన్నాన్న తణుకులో సినిమా పోస్టర్లు అంటించేవాడు.
కాగుడు మైదా ఉడికించి, గుప్పెడు మైలతుత్తం వేసేవాడు,
లేకపోతే తెల్లారేసరికి
హీరోని మేకలు మోకాళ్ళదాకా మేసేసేవి.
ఇక్కడ మేకల్లేవు, మైలతుత్తం కలపలేదు.
రైలు వంతెన కింద, మొదటి వానకి,
నత్తలొచ్చాయి.
వారంలో చిలక తోక తినేసి
వెండిదారాల్లాంటి సంతకాలు పెట్టి పోయాయి.

మిగిలిన చిలక ఐదు వారాలు బతికింది.
తర్వాత కౌన్సిలు బండి వచ్చింది.
డారెల్ అని చొక్కామీద రాసుంది.
బూడిదరంగు రోలరు ఒకసారి పైకి, ఒకసారి కిందికి.
నేను ప్రామ్ పట్టుకుని నిలబడ్డాను.
అతను ప్రామ్ వైపు చూశాడు,
దాని చక్రానికి అంటిన జామరంగు చూశాడు,
నా వైపు చూశాడు.
"మిగిలిన రంగు ఏం చేస్తారు?" అడిగాను.
"పారెయ్యాలి. దానికో ఫారం నింపాలి."
కాసేపాగి, "నాకు ఫారాలంటే పడదు" అన్నాడు.
బక్కెట్టు పిట్టగోడమీద మరిచిపోయి
టీ తాగడానికి వెళ్ళాడు.

ఇంటికి తెచ్చి మూత తీస్తే
అచ్చం ఆ చిలక రెక్కల బూడిద.
నవ్వొచ్చింది. తర్వాత ఇంకో సంగతి తోచి
డబ్బా మూసేశాను:
వంతెన కింద గోడంతా
ఇప్పుడు ఆ రెక్కల రంగే కదా.
తల, రెక్కలు, వీపు డారెల్ వేసిపెట్టాడు.
నేను రొమ్ము ఒక్కటి దిద్దితే చాలు.

శనివారం రాత్రి వాన లేదంటున్నారు.
ఈసారి కాగితం వద్దు, నేరుగా గోడమీదే.
పాపం నత్తలు
వేరే చోట చూసుకోవాలి.